నానమ్మ నవ్వు ఎందుకు మసకైంది?

అక్క పెళ్లి. తలంబ్రాల సందడి. పక్కనే కుర్చీలో ఉన్న నానమ్మ బోసినోటితో పకపకా నవ్వింది. క్లిక్‌మనిపించా. కెమెరా వెనకున్న బుల్లి స్క్రీన్‌లో సూపర్‌గా కనిపించింది. ఇంటికొచ్చి లాప్‌టాప్‌లో చూస్తే ముఖమంతా అలుక్కుపోయింది! ఆర్నెల్లకే నానమ్మ పోయింది. ఆమె నవ్వుతున్న ఫొటో మా ఇంట్లో ఇంకోటి లేదు.

లెన్స్‌నే తిట్టుకున్నా. ఫొటో వివరాలు తెరిచాక తెలిసింది, తప్పు నాదేనని. షటర్ స్పీడ్ 1/15 సెకను. ఐఎస్ఓ 200. ఐఎస్ఓ పెంచితే ఫొటోలో చుక్కలు వస్తాయని భయపడి నేనే అక్కడ ఆపేశా. మండపంలో వెలుతురు చాలక షటర్ ఎక్కువసేపు తెరుచుకుని ఉంది. ఆలోపు నానమ్మ తల కదిలింది.

అదే వెలుతురులో ఐఎస్ఓ 1600 పెట్టి ఉంటే షటర్ 1/125కి, 3200 పెడితే సుమారు 1/250కి వెళ్లేది. చుక్కలు పడేవి. పడితే పడనీ! వాటిని తర్వాత తగ్గించుకోవచ్చు. కదిలిపోయిన ముఖాన్ని ఏఐ యాప్‌లు షార్ప్ చేస్తాయి కానీ, చాలావరకు అది ఊహించి గీసిన ముఖం. మా నానమ్మది కాదు.

అందుకే ఇప్పుడు ఇవి మర్చిపోను:

* మనుషుల్ని తీస్తే షటర్ కనీసం 1/200. పరిగెత్తే పిల్లలైతే 1/500, ఇంకా ఎక్కువైనా మంచిదే.
* స్టెబిలైజేషన్ ఉంది కదా అని ధీమా వద్దు. అది మన చేతి వణుకును తగ్గిస్తుందంతే, ఎదుటివాళ్ల కదలికను ఆపలేదు.
* ఫోకస్ మనకు దగ్గరగా ఉన్న కంటి మీద. బటన్ సగం నొక్కి, ఫోకస్ కుదిరాకే పూర్తిగా నొక్కాలి.
* ఒక్కటి కాదు, వరసగా నాలుగైదు తీయాలి. వెంటనే జూమ్ చేసి కళ్లు చూసుకోవాలి. ఆ రోజు నేను చేయని పని ఇదే.

ఫోన్‌తో తీస్తున్నారా? ముందు లెన్స్‌ను మెత్తటి గుడ్డతో తుడవండి. వేలిముద్రల జిడ్డు కూడా మసకకు కారణమవుతుంది. నైట్ మోడ్‌లో ఫోన్ ఎక్కువసేపు వెలుతురు పోగేసుకుంటుంది. గుడి గోపురానికి ఓకే, నవ్వే మనిషికి కాదు. అలాంటప్పుడు లైటేయండి, లేదంటే కిటికీ దగ్గర కూర్చోబెట్టండి.

మొన్న వంటింట్లో అమ్మను తీస్తుంటే "ఎన్నిసార్లు నొక్కుతావురా, చాల్లే" అంటూ నవ్వేసింది. ఐఎస్ఓ 3200, షటర్ 1/250. చుక్కలున్నాయి. అమ్మ కళ్లు మాత్రం స్పష్టంగా ఉన్నాయి.

ఈ ఆదివారం మీ ఇంట్లో పెద్దవాళ్లది ఓ ఫొటో తీయండి. తీశాక జూమ్ చేసి చూడటం మాత్రం మర్చిపోకండి.