భద్రతా శిక్షణ ముందు యజమానికి కావాలి

2025 జూన్ 30 ఉదయం సంగారెడ్డి జిల్లా పాశమైలారంలోని సిగాచీ కర్మాగారంలో పేలుడు సంభవించింది. 54 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో 8 మంది ఆనవాళ్లు కూడా దొరకలేదు. చివరకు అధికారులే వారిని మృతులుగా ప్రకటించవలసి వచ్చింది. సరిగ్గా 5 రోజులకు, జూలై 5న, తెలంగాణ ప్రభుత్వం కార్మికులకు సంబంధించి ఒక ఉత్తర్వు జారీ చేసింది. అది భద్రత గురించి కాదు. వాణిజ్య సంస్థలలో రోజుకు 10 గంటల వరకు పని చేయించుకోవడానికి ఇచ్చిన అనుమతి అది.

ఆ ఉత్తర్వు కర్మాగారాలకు వర్తించదు, వారానికి 48 గంటల పరిమితి అలాగే ఉంది అని ఎవరైనా అనవచ్చు. నిజమే. పేలుడుపై నిపుణుల సంఘాన్ని నియమించారన్నదీ నిజమే. అయినా ఆ వారంలో ప్రభుత్వ ప్రాధాన్యం ఏమిటో ఆ తేదీయే చెబుతోంది. యజమానికి వెసులుబాటు ఇవ్వడానికి ఉత్తర్వు చాలు. కార్మికుడి ప్రాణానికి మాత్రం కమిటీ కావాలి.

ఇలాంటి ప్రతి దుర్ఘటన తరువాత మంత్రుల నోట, పారిశ్రామిక సంఘాల నోట ఒకే మాట వినిపిస్తుంది: కార్మికులకు భద్రతా శిక్షణ ఇవ్వాలి. వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది. కానీ ఆ మాట వెనుక ఒక నింద దాగి ఉంది. కార్మికుడికి తెలియక ప్రమాదం జరిగిందని, తెలిసి ఉంటే జరిగేది కాదని. ఈ నింద అబద్ధమని చెప్పడానికే ఈ వ్యాసం.

పాశమైలారంలో తయారయ్యేది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్. మనం మింగే మాత్రలో మందును బిళ్లగా పట్టి ఉంచే తెల్లటి పొడి. విషం కాదు, వాసన లేదు, చర్మాన్ని కాల్చదు. అందుకే దానిని చూసి ఎవరూ భయపడరు. కానీ పిండి, చక్కెర, రంపపు పొట్టు వంటి మండే స్వభావం గల ఏ సన్నని పొడి అయినా గాలిలో తగినంత దట్టంగా లేచి, మూసి ఉన్న చోట నిప్పురవ్వను తాకితే పేలుతుంది. మొదటి పేలుడు చిన్నదే కావచ్చు. దాని కుదుపుకు దూలాల మీద, పైపుల మీద, కప్పు కింద నెలల తరబడి పేరుకున్న ధూళి ఒక్కసారిగా లేస్తుంది. రెండో పేలుడు భవనాన్ని కూలుస్తుంది. పాశమైలారంలో సరిగ్గా ఏం జరిగిందో, ఎవరి దోషమెంతో న్యాయస్థానంలో తేలాలి. కానీ ఇటువంటి పొడి ఉన్న ప్రతి కర్మాగారానికీ వర్తించే శాస్త్రం మాత్రం ఇదే.

ఇప్పుడు అడగవలసిన ప్రశ్న ఒకటే. ఈ ప్రమాదాన్ని ఆపే నిర్ణయాలు ఎవరి చేతిలో ఉన్నాయి? ధూళిని పీల్చే యంత్రాలు పెట్టాలా వద్దా, డ్రయర్‌కు పేలుడు ఒత్తిడిని బయటికి వదిలే ద్వారాలు అమర్చాలా వద్దా, పాతబడిన యంత్రాన్ని మార్చాలా, మరమ్మతు కోసం ఉత్పత్తి ఆపాలా, డ్రయర్ పక్కనే కార్యాలయం, ల్యాబ్ ఉండవచ్చా? వీటిలో ఏ ఒక్కటీ కాంట్రాక్టు కార్మికుడు తేల్చేది కాదు. అతని చేతిలో ఉన్నది చీపురు మాత్రమే. డబ్బుతో ముడిపడిన ప్రతి నిర్ణయమూ డైరెక్టర్ల బోర్డు గదిలో జరుగుతుంది.

2008 ఫిబ్రవరి 7న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఇంపీరియల్ షుగర్ శుద్ధి కర్మాగారంలో చక్కెర ధూళి పేలి 14 మంది మరణించారు. అక్కడి రసాయన భద్రతా బోర్డు దర్యాప్తు చేసి, ధూళి ప్రమాదం గురించి యాజమాన్యానికి, ఆ పరిశ్రమకు దశాబ్దాలుగా తెలుసునని నివేదికలో రాసింది. ఆ నివేదిక ఎవరైనా చదువుకోవచ్చు. జరిమానా వేసే అధికారం ఆ బోర్డుకు లేదు. ఎందుకు జరిగిందో తేల్చి లోకానికి చెప్పడమే దాని పని. ప్రతి ప్రమాదానికీ కొత్త కమిటీ వేసే మన దేశంలో అలాంటి స్వతంత్ర శాశ్వత సంస్థ లేదు.

మన చట్టం యజమానిని వదిలేసిందా అంటే, లేదు. భోపాల్ తరువాత, 1987లో, 1948 నాటి కర్మాగారాల చట్టాన్ని సవరించారు. సమాచారం, బోధన, శిక్షణ, పర్యవేక్షణ అందించడం ఆక్యుపయర్ బాధ్యత అని 7ఏ సెక్షన్ చెప్పింది. ప్రమాదకర ప్రక్రియలు జరిగే ప్రతి కర్మాగారంలో కార్మికులకు, యాజమాన్యానికి సమాన ప్రాతినిధ్యంతో భద్రతా కమిటీ ఉండి తీరాలని 41జీ శాసించింది. శిక్షణ పొందడం కార్మికుడి హక్కు అని 111ఏ గుర్తించింది. అంటే శిక్షణ యజమాని దయ కాదు. అతను తీర్చవలసిన బాకీ. కంపెనీ అయితే ఆక్యుపయర్ ఎవరు అన్న వివాదాన్ని 1996లో జె.కె. ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. డైరెక్టర్లలో ఒకరే ఆక్యుపయర్ కావాలి, జీతగాడైన మేనేజర్‌ను ముందుకు నెట్టి డైరెక్టర్లు తప్పించుకోవడం కుదరదు.

చట్టం ఇంత స్పష్టంగా ఉండగా ఆచరణలో శిక్షణ అంటే ఏమిటి? రిజిస్టర్‌లో సంతకం. పారిశ్రామిక వాడలలో పని చేసేవారిలో బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్‌ల నుంచి కాంట్రాక్టర్ తీసుకువచ్చినవారు ఎందరో. వచ్చిన మర్నాడే షిఫ్టు. తెలుగు, ఇంగ్లిష్ బోర్డుల మధ్య భోజ్‌పురి, ఒడియా మాట్లాడే మనిషి. ప్రమాదం కనిపిస్తే హెచ్చరించే హక్కు చట్టంలో ఉంది. కానీ రేపు గేటు దగ్గర తన పేరు పిలుస్తారో లేదో తెలియనివాడు ఆ హక్కును వాడగలడా? 2020 మే 7న విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ వాయువు వెలువడి 12 మంది మరణించినప్పుడు, సైరన్ వ్యవస్థ ఉండి కూడా మోగించలేదని ప్రభుత్వం నియమించిన కమిటీయే తేల్చింది. మీట నొక్కడం ఎవరికీ తెలియక కాదు. ఉత్పత్తి ఆపే, ఊరిని లేపే అధికారం తనకు ఉందని అక్కడి సిబ్బంది నమ్మే స్థితి లేకపోవడమే అసలు శిక్షణా లోపం. ఆ లోపం పై నుంచి వస్తుంది. నాలుగేళ్ల తరువాత, 2024 ఆగస్టు 21న, అదే తీరంలో అచ్యుతాపురం సెజ్‌లో మరో ఔషధ కర్మాగారంలో 17 మంది పోయారు.

కర్మాగారాలకు శిక్షణ ఇవ్వడం చేతకాదని అనడానికి వీలులేదు. ఇదే హైదరాబాద్ చుట్టూ, ఇదే విశాఖ తీరాన ఉన్న ఔషధ కంపెనీలలో నాణ్యతా నియమాలపై ప్రతి ఉద్యోగికీ శిక్షణ ఇస్తారు, పరీక్షిస్తారు, ఫైలు పెడతారు. ఎందుకు? అమెరికా ఎఫ్‌డీఏ తనిఖీదారు వస్తాడు. కొన్నిసార్లు చెప్పకుండా వస్తాడు. లోపం కనిపిస్తే హెచ్చరిక లేఖను బహిరంగంగా పెడతారు. షేరు ధర పడిపోతుంది. అమెరికా రోగి మింగే మాత్ర స్వచ్ఛంగా ఉండాలంటే తనిఖీ తప్పదని ఒప్పుకునే పరిశ్రమ, ఆ మాత్ర తయారు చేసే మనిషి బతికి ఇంటికి వెళ్లాలంటే తనిఖీ అవసరమని చెప్పగానే ‘ఇన్‌స్పెక్టర్ రాజ్’ అని గగ్గోలు పెడుతుంది.

ఇన్‌స్పెక్టర్ రాజ్ కల్పన కాదు. కవర్లు చేతులు మారిన మాట అందరికీ తెలిసిందే. ఎవరు ఎక్కడ తనిఖీ చేయాలో కంప్యూటర్ నిర్ణయించడం, 48 గంటలలో నివేదికను ఆన్‌లైన్‌లో పెట్టడం మంచి సంస్కరణలే. కానీ 2016లో సులభతర వాణిజ్యంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సంయుక్తంగా మొదటి ర్యాంకు పొందాయని మురిసిపోయిన మనం, స్వీయ ధ్రువీకరణ పేరిట ఏం వదులుకున్నామో లెక్క చూసుకోలేదు. విద్యార్థి తన జవాబు పత్రాన్ని తానే దిద్దుకుంటే వచ్చేవి మార్కులు కావు. పగలైనా రాత్రైనా ముందుగా చెప్పకుండా తనిఖీదారు కర్మాగారంలోకి ప్రవేశించగలగాలని చెప్పే అంతర్జాతీయ కార్మిక సంస్థ 81వ ఒడంబడికను భారత్ 1949లోనే ఆమోదించింది. ఆ మాటను మనమే మరిచాం.

2025 నవంబర్ 21న అమలులోకి వచ్చిన వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఈ మరుపును చట్టంగా మార్చింది. ఇన్‌స్పెక్టర్ ఇకపై ‘ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్’. నియామక పత్రం తప్పనిసరి చేయడం వంటి మేళ్లు కోడ్‌లో లేకపోలేదు. కానీ భద్రతా కమిటీ ‘ఉండి తీరాలి’ అన్న చోట ప్రభుత్వం ‘ఆదేశించవచ్చు’ అని వచ్చింది. ప్రమాదకర ప్రక్రియలు జరిగే చోట 250 మంది ఉంటే గాని సేఫ్టీ ఆఫీసర్ తప్పనిసరి కాదు. 150 మందితో నడిచే రసాయన యూనిట్‌లో పేలుడు లెక్కపెట్టి వస్తుందా? నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే 2 ఏళ్ల వరకు జైలు, లేదా రూ.5 లక్షలకు తగ్గని జరిమానా, లేదా రెండూ. ఆ ‘లేదా’లోనే కంపెనీ న్యాయవాది జీవనాధారం ఉంది.

అయితే ఇదంతా ఢిల్లీ చేసిందని హైదరాబాద్, అమరావతి చేతులు దులుపుకోవడానికి వీలులేదు. ‘ఆదేశించవచ్చు’ అన్న అధికారం ప్రైవేటు కర్మాగారాల విషయంలో రాష్ట్ర ప్రభుత్వానిదే. ప్రమాదకర రసాయనాలు, మండే పొడులు వాడే ప్రతి యూనిట్‌లో, కార్మికుల సంఖ్యతో నిమిత్తం లేకుండా, భద్రతా కమిటీ ఉండాలని ముఖ్యమంత్రులు రేపే ఉత్తర్వు ఇవ్వవచ్చు. 10 గంటల పనికి ఉత్తర్వు 5 రోజులలో వచ్చినప్పుడు దీనికి అడ్డేమిటి?

రెండోది, ఆక్యుపయర్‌గా నమోదయ్యే డైరెక్టర్ స్వయంగా శిక్షణ పొందాలి. తన కర్మాగారంలో ఏది పేలుతుందో, ఏది లీకవుతుందో, దానిని ఆపడానికి ఎంత ఖర్చు చేశాడో కర్మాగారాల శాఖ ముందు కూర్చుని చెప్పగలగాలి. చెప్పలేనివాడికి లైసెన్సు పునరుద్ధరణ ఉండకూడదు. లారీ డ్రైవర్‌కు పరీక్ష పెట్టే రాష్ట్రం, వందమంది ప్రాణాలను గుప్పిట పెట్టుకున్నవాడికి పెట్టకపోవడం ఏ న్యాయం?

మూడోది, తనిఖీదారు రిజిస్టర్ చూసి వెనుదిరగకూడదు. షెడ్డులో కనిపించిన ఐదుగురు కార్మికులను వారి భాషలో, సూపర్‌వైజర్ పక్కన లేకుండా అడగాలి: ఇక్కడ ఏది ప్రమాదం? అలారం మోగితే ఎటు పరుగెత్తాలి? యంత్రం ఆపితే నీ ఉద్యోగం ఉంటుందా? ఆ ఐదు జవాబులే అసలైన నివేదిక. దానిని బహిరంగంగా పెట్టాలి.

ఇలా చేస్తే పెట్టుబడులు పక్క రాష్ట్రానికి పోతాయని బెదిరిస్తారు. ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పలేక పారిపోయే పెట్టుబడి పోనివ్వండి. దాని కోసం మనం ఇప్పటికే చాలా చెల్లించాం. చెల్లించినది ప్రభుత్వం కాదు, యజమాని కాదు. బతుకుదెరువు కోసం వచ్చి, పాశమైలారంలో చితికి ఎముక కూడా మిగలని ఆ 8 మంది.