చలి వాళ్ళ చేతిలో ఉంది, అందుకే రేటూ వాళ్ళ చేతిలోనే ఉంది

పోస్టు కొంచెం పెద్దది. చెరువు ఉన్న ప్రతి ఒక్కరూ ఓపిగ్గా చివరిదాకా చదవండి.

రేటు పడిపోయినప్పుడల్లా మనకి చెప్పే మాటలు మూడే. అమెరికా పన్ను వేసింది. కంటైనర్ బాడుగ పెరిగింది. కోల్డ్ స్టోరేజీలు నిండిపోయాయి. ఈ మూడూ అబద్ధాలని నేను అనను. మూడూ నిజమే అనుకుందాం. అయినా మన కౌంటు రేటు రాత్రికి రాత్రే ఎందుకు పడాలి? నేను అడిగేది ఇదొక్కటే.

సరుకు ఎలా పోతుందో ముందు చూద్దాం. పట్టుబడి అయ్యాక రొయ్య ఐసులో ప్లాంటుకి పోద్ది. అక్కడ తల తీసి, కడిగి, సైజు వారీగా ఏరి, మైనస్ 40 డిగ్రీల దగ్గర గడ్డ కట్టిస్తారు. రొయ్య లోపలిదాకా మైనస్ 18కి వచ్చాక పెట్టెలకెత్తి కోల్డ్ స్టోరేజీలో పెడతారు. అక్కణ్ణించి రీఫర్ కంటైనర్‌లో రేవుకి, రేవు నుంచి ఓడ మీదికి. కంటైనరే సరుకుని గడ్డ కట్టిస్తుందని చాలామంది అనుకుంటారు. కాదు. అప్పటికే గడ్డ కట్టిన సరుకుని అదే చలిలో నిలబెట్టడం వరకే దాని పని. రోడ్డు మీద జనరేటర్, ఓడ మీద కరెంటు ప్లగ్గు. అమెరికా చేరడానికి నెల పైనే పడుతుంది. అయినా ఏం కాదు, ఎందుకంటే మైనస్ 18లో సరిగ్గా ఉంచిన రొయ్య ఏడాదిన్నర, రెండేళ్ళు నిలవుంటుంది.

అసలు కీలకం ఇక్కడే ఉంది. ఆ చలి రొయ్యని కాపాడటమే కాదు, సరుకు ఉన్నవాడికి టైము ఇస్తుంది. ఈ నెల రేటు బాగోకపోతే వచ్చే నెల అమ్ముతాడు. అమెరికా కుదరకపోతే చైనాకో, జపాన్‌కో, యూరప్‌కో అడుగుతాడు.

మన చెరువు చూడండి. రోజూ మేత వెయ్యాలి, ఏరేటర్లు తిరగాలి, కరెంటు పోతే డీజిల్ పొయ్యాలి. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతే గంటల్లో పంట పోద్ది. పక్క చెరువులో వైట్ స్పాట్ అంటే మనకి నిద్ర ఉండదు. మనం పది రోజులు ఆగలేం. ఆ సంగతి కొనేవాడికి మనకంటే బాగా తెలుసు. ఆగగలిగినవాడు రేటు చెబుతాడు, ఆగలేనివాడు తల ఊపుతాడు.

2025 గుర్తు చేసుకోండి. ఏప్రిల్ 2న అమెరికా మన దేశం సరుకు మీద 26 శాతం పన్ను అని ప్రకటించింది. ఇక్కడ రోజుల్లోనే కిలోకి పదుల రూపాయలు కోసేశారు. ఏప్రిల్ 9న ఆ పన్నుని 90 రోజులు ఆపి, 10 శాతం మాత్రం ఉంచారు. కొయ్యడంలో చూపించిన తొందర తిరిగి పెంచడంలో చూపించారా? మీకు తెలుసు. ఆగస్టులో ముందు 25 శాతం, ఆగస్టు 27 నుంచి మొత్తం 50 శాతం అయ్యింది. దెబ్బ గట్టిదే, కాదనను. కానీ ఒక మాట గమనించండి. చెప్పిన తేదీకి ముందే ఓడెక్కిన సరుకుకి, అది దారిలో ఉన్నా, గడువులోపు చేరితే కొత్త పన్ను వర్తించదని ఆ ఉత్తర్వుల్లోనే ఉంది. అంటే సముద్రం మీదున్న రొయ్యకి మినహాయింపు దొరికింది, చెరువులో ఉన్న రొయ్యకి దొరకలేదు. పాత రేటుకి కొని, పాత పన్నుతో పోయిన సరుకు ఉండగానే మనకి మాత్రం కొత్త రేటు వచ్చేసింది.

ఇక బాడుగ సంగతి. 2021 మార్చిలో సూయజ్ కాలువలో ఓడ అడ్డం పడి ఆరు రోజులు దారి మూసుకుపోయింది. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో దాడులు మొదలై, యూరప్ వెళ్ళే ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి పోవాల్సొచ్చింది. బాడుగలు నిజంగానే పెరిగాయి. కానీ ఎంత పెరిగితే కిలోకి ఎంత పడుతుందో మనమే లెక్క వేసుకుందాం. ఒక కంటైనర్‌లో 16 టన్నుల సరుకు ఎక్కిందనుకోండి. బాడుగ లక్ష రూపాయలు పెరిగితే ప్యాక్ చేసిన కిలో మీద పడేది 6 రూపాయల 25 పైసలు. తల తీసిన సరుకు కిలో రావాలంటే చెరువు రొయ్య కిలోన్నర దాకా కావాలి. అంటే మన కిలో మీద పడేది 4 రూపాయల చిల్లర. బాడుగ పేరు చెప్పి కిలోకి 30 రూపాయలు తగ్గించారంటే కంటైనర్‌కి 7 లక్షల పైన పెరిగి ఉండాలి. అంత పెరిగిందా అని అడగండి. ఈ లెక్క రాసి జేబులో పెట్టుకోండి. బాడుగ దిగిన రోజున కూడా ఇదే లెక్క తీసి చూపించండి.

ఎగుమతిదారుడికి రిస్కు లేదా అంటారు. ఉంది. చలి తప్పితే కంటైనర్ మొత్తం పోద్ది. యాంటీబయాటిక్ దొరికితే సరుకు వెనక్కొస్తుంది. మన చెరువు రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో సగం యూరప్‌లో పరీక్షకి పోతాయి. 2016కి ముందు పదింట ఒకటే పోయేది. అందుకే చెబుతున్నా, చెరువులో మందులు పోసేవాడు పక్క రైతు రేటుకి కూడా చిల్లు పెడుతున్నాడు. అది మన వైపు బాధ్యత, దాన్ని మనమే ఆపాలి. కానీ వాళ్ళ రిస్కుకి బీమా ఉంది, బ్యాంకు ఉంది, కోల్డ్ స్టోరేజీ ఉంది. మన రిస్కుకి ఏముంది? ఇంట్లో బంగారం.

2023-24లో దేశం నుంచి 7 లక్షల టన్నుల పైన గడ్డకట్టిన రొయ్య పోయింది. విలువ సుమారు 40 వేల కోట్లు. అందులో 2 లక్షల 97 వేల టన్నులు ఒక్క అమెరికాకే. ఇంత వ్యాపారం నడిపే సరుకులో పెద్ద వాటా మన జిల్లాల చెరువులదే. కాబట్టి అడుక్కోనక్కర్లేదు, అడగాలి.

ఒకటి. పట్టుబడికి ముందే కౌంటు, రేటు, తేదీ రాసి సంతకం పెట్టిన చీటీ ఇవ్వాలి. వల వేశాక రేటు మారకూడదు. కాటా దగ్గర సాఫ్ట్ అని, కౌంటు తేడా అని కొత్త కోతలు పెట్టకూడదు.

రెండు. పన్ను అన్నా, బాడుగ అన్నా కంటైనర్ లెక్క అందరి ముందు పెట్టాలి. ఆ లెక్క అడిగి తెప్పించే పని ప్రభుత్వం చెయ్యాలి.

మూడు. ఇదే అన్నిటికంటే ముఖ్యం. రైతు సంఘాలకి ఫ్రీజింగ్, కోల్డ్ స్టోరేజీ అద్దెకి దొరకాలి, నిల్వ ఉన్న సరుకు మీద బ్యాంకు అప్పు రావాలి. అద్దె, కరెంటు, వడ్డీ ఖర్చులు ఉంటాయి. ప్రతి పంటా దాచుకోలేం. అసలు దాచాల్సిన పని కూడా లేదు. పది చెరువుల్లో రెండు చెరువుల సరుకు నెల రోజులు ఆగగలిగితే చాలు, మిగతా ఎనిమిది చెరువుల బేరం మారిపోద్ది. ధాన్యానికి గోదాములు అడిగి సాధించుకున్న రైతులం, రొయ్యకి చలి ఎందుకు అడగం?

ఈలోపు మన చేతిలో ఉన్న పని ఒకటుంది. భయపడి ఊరంతా ఒకే వారం పట్టకండి. పుకారు రాగానే అందరం వలలు దించితే ఐసు దొరకదు, లారీ దొరకదు, రేటు ఇంకా జారుద్ది. జబ్బు లేని చెరువుల వాళ్ళు కూర్చుని వంతులు వేసుకోండి. మీ సంఘం మీటింగ్‌లో ఈ మూడు కోరికలూ తీర్మానం చేసి, కలెక్టరు గారికీ మీ ఎమ్మెల్యే గారికీ ఇవ్వండి. చలి మన చేతిలోకి వచ్చేదాకా రేటు మన చేతిలోకి రాదు.