పాత విండోసా, క్రొత్త విండోసా?

"పాత యొక రోత, క్రొత్త యొక వింత" యను సామెత యందఱెఱిగినదే. క్రొత్తదానిని మెచ్చుటకు గాక, మనుష్యుల చాపల్యమును జూచి నవ్వుటకే పెద్దలిట్లు చెప్పిరని నా తలంపు. ల్యాప్‌టాపుల విషయమున నేడు మన యిండ్లలో రెండు విధములైన పొరపాట్లు జరుగుచున్నవి. కొందఱు వింతకై పరుగెత్తి ధనము పోగొట్టుకొనుచున్నారు. మఱికొందఱు అలవాటు విడువలేక తలుపులు తెఱచి నిద్రించుచున్నారు.

కొంతకాలము క్రిందట మన పాఠశాలలో చదువు నొక బాలుని తండ్రి నాయొద్దకు వచ్చెను. ఆయన సేద్యము చేసికొని జీవించువాడు. వారి యింట 2016వ సంవత్సరమున కొన్న ల్యాప్‌టాపు కలదు. దానిలో విండోస్ 10 చక్కగా పనిచేయుచున్నది. వర్తకుడొకడు దానిని జూచి, "ఇది చచ్చిన యంత్రము, క్రొత్తది కొనవలసినదే" యనెనట. "అయ్యా, పంట సొమ్ము ఎరువుల బాకీకి తీసి యుంచితిని. అది దీనికి పెట్టుమందురా?" యని యాయన యడిగెను. ఆయనకు చెప్పిన సమాధానమునే యిచ్చట వ్రాయుచున్నాను.

విండోస్ 10 వెలువడినది 2015 జూలై 29వ తేదీన. విండోస్ 11 వెలువడినది 2021 అక్టోబరు 5వ తేదీన. 2025 అక్టోబరు 14వ తేదీతో మైక్రోసాఫ్టు సంస్థ విండోస్ 10కి సాధారణముగా నిచ్చు భద్రతా సవరణలను నిలిపివేసినది. మఱునాడు యంత్రములేవియు నాగిపోలేదు. పాఠములు, చిత్రములు, లెక్కలు యథాప్రకారము సాగినవి. అందుచేతనే పలువురు మోసపోవుచున్నారు. తాళము నేడు బాగుగానే యున్నది. కాని రేపు దొంగ దానికి మాఱుతాళము చేసినచో, మార్చి యిచ్చు కమ్మరి లేడు.

ఇది వట్టి బెదరింపు కాదు. 2017 మే మాసమున వానాక్రై యను దుష్ట ప్రోగ్రాము సుమారు 150 దేశములలో కంప్యూటర్లను బంధించి, విడుదలకు సొమ్మడిగినది. ఇంగ్లండు ఆసుపత్రులలో చికిత్సలు వాయిదా పడినవి. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని చిక్కుకొన్నవి. ఆ లోపమునకు మందు రెండు నెలల ముందే, మార్చిలో వెలువడినది. దానిని వేసికొన్నవారు బ్రదికిరి. 2014లోనే పోషణ నిలిచిపోయిన ఎక్స్‌పీ వాడువారికి మాత్రము, ఉపద్రవము వచ్చిన పిదప గాని యా మందు సర్వసాధారణముగా లభింపలేదు.

కావున మనమడుగవలసిన ప్రశ్న "ఏది క్రొత్తది?" యనునది కాదు, "దేనిని బాగుచేయువారున్నారు?" అనునదియే.

అట్లయిన నందఱును విండోస్ 11నకు మారవలెనా? యంత్రము తగినదైనచో తప్పక మారవలెను. తగిన విండోస్ 10 యంత్రమునకు ఈ మార్పు ఉచితము. కాని దానికి టీపీఎం 2.0 అను భద్రతా సాధనము, కనీసము 4 జీబీ ర్యాము, 64 జీబీ నిల్వచోటు వలయును. ఇంటెల్ ప్రాసెసర్లలో మిక్కిలిగా ఎనిమిదవ తరము మొదలుకొనియే అంగీకరింపబడినవి. 4 జీబీతో నడచునే కాని నత్తనడక తప్పదు. 8 జీబీ యున్న మేలు. మైక్రోసాఫ్టు వారి పీసీ హెల్త్ చెక్ అను ప్రోగ్రాము మీ యంత్రము తగునో తగదో చెప్పును. తగని యంత్రమున ఉపాయములు పన్ని యెక్కించుట నేను మెచ్చను. అట్టివానికి సవరణలు వచ్చునని సంస్థ హామీ యియ్యదు.

ఆ రైతు యంత్రము ఆఱవ తరమునకు చెందినది, కాన తగలేదు. అయినను క్రొత్తది కొనుమని నేను చెప్పలేదు. విండోస్ 10నకు అదనపు భద్రతా సవరణల నొక యేడు, అనగా 2026 అక్టోబరు 13వ తేదీ వఱకు, పేరు నమోదు చేసికొన్నవారి కిత్తుమని సంస్థ 2025లో ప్రకటించినది. కాని గడువు గడువే. అది శాశ్వతమైన యాధారము కాదు. స్థిరమైన మార్గము లినక్సు. లినక్సు మింటు, ఉబుంటు మొదలగునవి మూల్యము లేక లభించును. సవరణలు క్రమముగా వచ్చును. వ్రాతకు, లెక్కలకు లిబ్రేఆఫీసు కలదు. తెలుగు చక్కగా టైపు చేయవచ్చును. విండోసునకే చేయబడిన కొన్ని ప్రోగ్రాములు దానిలో నడువవు, ముందుగా విచారించుకొనవలెను. ఆ బాలుని ఫైళ్లన్నియు వేఱొక డిస్కులో భద్రపఱచి, లినక్సు మింటు నెక్కించితిమి. పంట సొమ్ము ఎరువుల బాకీకే పోయినది.

నిక్షేపమువంటి యంత్రమును పనికిమాలినదిగా నెంచునట్లు చేయుట తయారుదారులకు న్యాయమా యని మీరడుగవచ్చును. న్యాయము కాదనియే నా యభిప్రాయము. కాని వారిపై కోపముతో కాపలా లేని యంత్రమున బ్యాంకు లావాదేవీలు నడపినచో నష్టము మనదే.

తలిదండ్రులారా! వర్తకుని మాటపై తొందరపడి యప్పు చేయకుడు. విద్యార్థులారా! సెలవులలో మీ యింటి యంత్రమును, పొరుగింటి యంత్రమును పరీక్షింపుడు. మీరు నేర్చిన విద్య యొక యింటి సొమ్ము నిలిపినను, అది పరీక్షలో వచ్చు మార్కులకు తీసిపోదు.