లొకేషన్ పిన్ కాదు, లైను తెలియాలి

కొత్తగా కెమెరా కొన్న ప్రతివాడూ అడిగే ప్రశ్న ఒకటుంది. "గూడ్సు బండ్లు తీయడానికి మంచి స్పాట్ ఎక్కడుంది గురూ, పిన్ పంపు!" ఇది వినగానే నాకు ఒళ్ళు మండుతుంది. ఆఫీసులో "ఆ కోడ్ ముక్క ఇటు పడెయ్, పేస్ట్ చేసుకుంటా" అనే బాపతే ఇది కూడా. పనిచేసినన్నాళ్ళూ బాగానే ఉంటుంది, ఎందుకు పనిచేస్తోందో మాత్రం తెలీదు. ఆగిపోయిన రోజు చూడాలి మనవాడి అవస్థ!

పిన్ పట్టుకుని వెళ్ళినవాడికి జరిగేదేంటో చెప్తా. వెళ్ళి నిలబడతాడు. బండి రాదు. ఫోన్లో చూద్దామంటే రైల్వే వాళ్ళ ఎన్‌టీఈఎస్‌లో పాసింజర్లూ ఎక్స్‌ప్రెస్‌లే తప్ప గూడ్సు కనబడదు. గంట గడుస్తుంది, విసుగు పుడుతుంది. ఇంతదూరం వచ్చాం కదా అని పట్టాల మీదకెక్కి సెల్ఫీలు మొదలెడతాడు. ప్రమాదం మొదలయ్యేది సరిగ్గా అక్కడే.

అందుకే నేననేది, నేర్చుకునేవాడు ముందు అరకు వెళ్ళక్కర్లేదు, పల్నాడు రావాలి. కొత్తవలస-కిరండూల్ లైను అందం నేను కాదనను. కానీ అక్కడ సగం ఫోటో కొండే తీసిపెడుతుంది. నడికుడి దగ్గర అలా ఎవరూ తీసిపెట్టరు, బుర్ర వాడాల్సిందే.

మొదటి పాఠం, ఏ సరుకు ఎందుకు కదుల్తోంది అన్నది. ఇది సున్నపురాయి నేల. పిడుగురాళ్ళ సున్నం బట్టీలు తెలియనివాళ్ళుండరు. మాచర్లలో కేసీపీ సిమెంటు ఫ్యాక్టరీ 1958 నుంచి ఉంది. కృష్ణ దాటితే విష్ణుపురం వైపు మరికొన్ని. సిమెంటు కాల్చడానికి బొగ్గు రావాలి, తయారైన సిమెంటు పోవాలి. బొగ్గు వచ్చేవి పైకప్పు లేని బాక్స్‌ఎన్ వ్యాగన్లు. బస్తాలు పోయేవి కప్పున్న బీసీఎన్ వ్యాగన్లు. వ్యాగన్ పక్కన ఆ అక్షరాలు రాసే ఉంటాయి, చదువుకోండి. నాలుగు బండ్లు చూశాక, వచ్చేది నిండు బండా ఖాళీ బండా అన్నది చప్పుడుని బట్టే చెప్పేస్తారు.

రెండోది, బండి ఎక్కడ ఆగుతుంది అన్నది. గూడ్సుకి టైంటేబుల్ మన చేతికి రాదు, నిజమే. ఎక్స్‌ప్రెస్‌కి ఉంది కదా! గుంటూరు-బీబీనగర్ మధ్య ప్రధానంగా సింగిల్ లైనే. ఎదురెదురుగా రెండు బండ్లు వస్తే ఒకటి స్టేషన్లో లూప్ లైన్లోకి తప్పుకోవాలి. ఆ తప్పుకునేది సాధారణంగా గూడ్సే. కాబట్టి పొద్దున వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చే పల్నాడు ఎక్స్‌ప్రెస్ టైము చూడండి, జన్మభూమి టైము చూడండి. వాటికి కాస్త ముందు సత్తెనపల్లి, పిడుగురాళ్ళ, నడికుడి లాంటి చోట్ల గూడ్సు నిలబడి ఉండే అవకాశం ఎక్కువ. నిలబడిన బండి మళ్ళీ బయల్దేరేటప్పుడు నెమ్మదిగా కదుల్తుంది. చేయి తిరగనివాడికి అంతకన్నా ఏం కావాలి?

నడికుడి నుంచి గురజాల, రెంటచింతల మీదుగా పోయే కొమ్మ మాచర్లతో ఆఖరు. దానికి అవతల దారి లేదు. అటు వెళ్ళిన బండి మళ్ళీ అదే దారిన వెనక్కి రావాల్సిందే. పోయేటప్పుడు తప్పిపోతే వచ్చేటప్పుడు దొరుకుతుంది. ఓపిక ఒక్కటే పెట్టుబడి. మరోపక్క నడికుడి-శ్రీకాళహస్తి ప్రాజెక్టులో పిడుగురాళ్ళ-శావల్యాపురం ముక్క పూర్తయ్యాక, గుంటూరు దాకా పోకుండానే వినుకొండ వైపు మళ్ళడానికి దారి ఏర్పడింది. మ్యాపు ముందేసుకుని ఈ మూడు గీతలూ చూస్తే, మీ "స్పాట్లు" మీకే కనబడతాయి.

మూడోది ఎండ. నర్సరావుపేట-వినుకొండ లైను మొత్తం మీద తూర్పు పడమరలుగా నడుస్తుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు. లైనుకి దక్షిణాన నిలబడితే వెలుగు బండి మీద పడుతుంది. మే నెలలో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, రెంటచింతల ఎండ సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు. ఆ పూట ఇంట్లో పడుకోండి.

ఇక అసలు తగువు. "దూరంగా నిలబడితే ఏం ఫోటో వస్తుంది? పట్టాల దగ్గరకెళ్తేనే కదా కిక్కు!" అనేవాళ్ళకి లెక్కతోనే చెప్తా. 58 బాక్స్‌ఎన్ వ్యాగన్లూ ఇంజనూ కలిస్తే బండి ఆరొందల మీటర్లు దాటుతుంది. రెండు మీటర్ల దూరంలో నిలబడితే మీకు దొరికేది ఇంజను ముక్కు మాత్రమే. గూడ్సు బండి అందమే దాని పొడవు. అది ఫ్రేములో పట్టాలంటే వెనక్కి రావాలి, బాగా వెనక్కి. ఫిబ్రవరి, మార్చిల్లో మిరప కళ్ళం ఎర్రగా పరిచి ఉంటుంది. రైతుని అడిగి కళ్ళం ఇవతల నిలబడి తీయండి. అవతల బొగ్గు బండి, ఇవతల ఎరుపు, మధ్యలో మనుషులు. దానికి లక్ష రూపాయల లెన్సు అక్కర్లేదు. చెరువు కట్ట, ఫ్లైఓవర్ మీద నడకదారి, గేటు దగ్గర రోడ్డు వైపు, పొందుగుల దగ్గర కృష్ణ ఒడ్డు, ఇవన్నీ జనం నిలబడే చోట్లే. వంతెన మీదకి మాత్రం ఎక్కొద్దు.

పట్టాల మీదకి అనుమతి లేకుండా వెళ్ళడం 1989 రైల్వే చట్టం సెక్షన్ 147 కింద నేరం. చట్టం అలా ఉంచండి. ఇప్పుడు తిరిగేవి ఎక్కువగా కరెంటు ఇంజన్లు, పాత డీజిల్‌లా మైలు దూరం నుంచి దడదడలాడుతూ రావు. రెండు లైన్లున్న చోట ఒక బండి చప్పుడులో రెండోది వినబడదు. పైన తీగలో ఉన్నది 25,000 వోల్టులు. ఫ్లైఓవర్ మీంచి సెల్ఫీ స్టిక్ కిందికి చాపేవాడు ఈ అంకె ఒకసారి చదువుకోవాలి. స్టేషన్లో తీయాలంటే ప్లాట్‌ఫారం టికెట్ కొని స్టేషను మాస్టరుని అడగండి. వద్దంటే కెమెరా సంచిలో పెట్టేయండి, వాదన వద్దు. ఆయన బండ్లు నడపాలి, మన సరదా ఆయన డ్యూటీ కాదు.

ఇంత చెప్పడం ఎందుకంటే, టైము తక్కువ. 1990లలో ఈ లైన్ల మీద మీటరుగేజి పోయింది. ఆ బండ్ల ఫోటో మీ ఇంటి ఆల్బంలో ఒక్కటుందా? అప్పుడు అది ఎవరికీ వింత కాదు మరి. గుంటూరు-బీబీనగర్ 239 కిలోమీటర్ల డబ్లింగుకి కేంద్ర కేబినెట్ 2023 ఆగస్టులో ఒప్పుకుంది. అది పూర్తయితే లూప్‌లో నిలబడి ఎదురుబండికి దారిచ్చే దృశ్యం ఉండదు. గేట్లు ఒక్కొక్కటే అండర్‌పాసులవుతున్నాయి, గేటుమనిషీ ఉండడు. డబ్లింగు రావద్దని కాదు, రావాలి. పోయేదాన్ని పోకముందే తీసిపెట్టుకోమంటున్నా.

పిన్‌లు పంచుకునే పెద్దమనుషులకి ఒక్క మాట. పంచుకోండి, కాదనను. ఏ పూట వెళ్ళాలో, ఏ పక్క నిలబడాలో, ఎక్కడ నిలబడకూడదో కూడా కలిపి రాయండి. డాక్యుమెంటేషన్ లేని కోడ్ ఎవడైనా ఇస్తే మనం ఎన్ని తిట్లు తిడతామో మనకి తెలుసు. ఇక్కడ కోడ్ కాదు, కుర్రాళ్ళ ప్రాణాలు.