చత్వారమేనని సరిపెట్టుకోవద్దు

నలభై దాటిన తరువాత ఖుర్‌ఆన్ ప్రతిని కాస్త దూరంగా పట్టుకొని చదవవలసి రావడం మనలో చాలామందికి అనుభవమే. దానిని చత్వారం అంటాము. నేనూ అంతే అనుకున్నాను. కూకట్‌పల్లిలో రోడ్డు పక్కన అమ్మే రెడీమేడ్ కళ్లద్దాలు కొని, అక్షరాలు మసకబారినప్పుడల్లా నంబరు పెంచుకుంటూ ఆరేళ్లు గడిపాను. గ్రంథాల అంచులలోని సన్నని వ్యాఖ్యలు సైతం కనిపిస్తుండడంతో కళ్లు బాగున్నాయనే భావించాను.

నిరుడు మా అమ్మాయి, "అబ్బా, మీరు అద్దాలు మారుస్తున్నారే గాని కళ్లు చూపించుకోవడం లేదు" అని పట్టుబట్టి ఆసుపత్రికి తీసుకువెళ్లింది. డాక్టరు గారు కంటి ఒత్తిడిని కొలిచారు. చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయ్యాక లోపలి నరాన్ని పరిశీలించారు. ఎడమ కంటికి గ్లకోమా, అనగా నీటికాసులు సోకిందని, పక్కచూపు కొంత ఇప్పటికే పోయిందని, అది తిరిగి రాదని చెప్పారు. నొప్పి లేదు, ఎరుపు లేదు. ఒక కంటి లోటును రెండవ కన్ను పూడ్చుతూ ఉండడం వల్ల నాకు తెలియనే లేదు.

ఇది నా ఒక్కడి పొరపాటు కాదు. 1996–2000 మధ్య ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ హైదరాబాదుతో సహా అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో జరిపిన సర్వేలో, గ్లకోమా ఉన్నట్లు తేలినవారిలో అత్యధికులు తమకు ఆ వ్యాధి ఉందనే ఎరుగరు. శుక్లం వస్తే శస్త్రచికిత్సతో చూపు తిరిగి వస్తుంది. గ్లకోమాలో నరం దెబ్బతింటుంది గనుక, మిగిలిన చూపును కాపాడుకోవడమే చికిత్స.

మన రాష్ట్రంలో 2018 ఆగస్టు 15న, మళ్లీ 2023 జనవరి 18న కంటి వెలుగు శిబిరాలు మొదలయ్యాయి. ఎందరికో కళ్లద్దాలు అందాయి. అయితే ఎప్పుడో ఒకసారి చూపించుకుంటే సరిపోదు. నలభై ఏళ్లకు ఒకసారి పూర్తి పరీక్ష చేయించుకోవాలి. ఆపైన రెండు మూడేళ్లకొకసారి, అరవై దాటాక ఏడాది రెండేళ్లకొకసారి చూపించుకోవాలి. మధుమేహం ఉన్నవారికి రెటీనా పరీక్ష ఏటా తప్పనిసరి. ఖర్చుకు వెనుకాడేవారికి మెహదీపట్నంలో సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది.

రమజానులో రోజా భంగమవుతుందని కొందరు కంటి చుక్కలు మానేస్తారు. కంటిలో మందు వేసుకున్నంత మాత్రాన రోజా భంగం కాదని హనఫీ ఫిఖ్హ్ గ్రంథాలు చెబుతున్నాయి. అయినా మనసు ఒప్పకపోతే డాక్టరును అడిగి సహరీ, ఇఫ్తార్ వేళలకు మార్చుకోవచ్చు. మానడం మాత్రం తగదు.

ఈ వ్యాధి తోబుట్టువులకూ వచ్చే అవకాశం ఎక్కువ. ఊళ్లో ఉన్న తమ్ముడికి ఫోను చేస్తే, "నాకు బాగానే కనబడుతోంది, భాయీజాన్" అన్నాడు. ఆరేళ్లు నేనూ ఆ మాటే అన్నానని చెప్పాను. వచ్చే ఆదివారం బయలుదేరి వస్తున్నాడు. మీ ఇంట్లోనూ "నాకు బాగానే కనబడుతోంది" అనే పెద్దలు ఉండే ఉంటారు. ముందుగా వారినే తీసుకువెళ్లండి.