గొర్రెలిచ్చారు, మేతేదీ?

2017లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం సబ్సిడీ మీద యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చింది. ఎండాకాలం అవి ఏం తినాలో మాత్రం ఆలోచించలేదు. బీళ్లు తగ్గిపోయాయి. మార్చి దాటితే మంద తోలుకొని వలస పోవడమే.

ఇప్పుడేమో సైలేజీ బేళ్లు కొనుక్కోమంటున్నారు. తలకు కిలోన్నర వేసినా 21 జీవాలకు రోజుకు 32 కిలోలు. నాలుగు క్వింటాళ్ల బేలు విప్పితే 12 రోజులు. మన ఎండలకు అన్ని రోజులు బూజు పట్టకుండా ఉంటుందా? చెడిన పాతరగడ్డి తిన్న గొర్రెకు లిస్టీరియా సోకుతుంది. తల పక్కకు వాల్చి గుండ్రంగా తిరిగి తిరిగి చస్తుంది. బేలు అమ్మినవాడు అప్పుడు మన కొట్టం దగ్గరికి రాడు.

పాతర మనమే వేసుకోవచ్చు. వానాకాలంలో జొన్న, అలసంద కలిపి వేయండి. జొన్న గింజ పాలు పోసుకొని గట్టిపడే వేళ కోసి, ఒక పూట వాడనిచ్చి, అంగుళం ముక్కలు కొట్టి, లోపల ప్లాస్టిక్ కవరున్న సంచుల్లో గాలి లేకుండా తొక్కి మూతి కట్టాలి. 45 రోజులు ఆగాలి. రోజుకొక సంచి విప్పితే బూజు పట్టే సందే ఉండదు. ఉత్త అలసంద, లూసర్న్, బర్సీమ్ అయితే తీపి తక్కువ, సరిగ్గా పులవక కుళ్లుతుంది. బెల్లం నీళ్లు చల్లాల్సిందే.

అడ్డల్లా ముక్కలు కొట్టే మిషనే. 21 గొర్రెలవాడు దాన్ని కొనలేడు. సబ్సిడీ బేళ్లకు కాదు, ఊరి గొర్రెల సొసైటీకి ఒక మిషన్‌కు ఇవ్వండి. ఈ నెలే సొసైటీ తీర్మానం రాసి పశువుల డాక్టరు చేతికిద్దాం, రసీదు తీసుకుందాం.