గని పని వద్దని మేమెప్పుడన్నాం?



కోల్‌బెల్ట్ నిరుద్యోగంపై గత ఆదివారం మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివినప్పటి నుంచి నా కోపం చల్లారడం లేదు. కార్మికుల ఆడపిల్లలు గ్రూప్స్, బ్యాంకు పరీక్షలంటూ కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరుగుతున్నారే తప్ప గని పనికి రావడం లేదని వ్యాసకర్త తేల్చేశారు. గోదావరిఖనిలో ఒక్క ఆడపిల్లనైనా అడిగి రాశారా?

నేను గని కార్మికుడి బిడ్డను. మైనింగ్ డిప్లొమా చేశాను. షిఫ్టు పనిని పర్యవేక్షించే ఓవర్‌మన్ సర్టిఫికెట్‌తో పాటు గ్యాస్ టెస్టింగ్, ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్లున్నాయి. లక్ష్మీనగర్ దుకాణాల్లో ఆడవాళ్ల సైజు సేఫ్టీ బూట్లు దొరక్క, మగవాళ్ల బూట్లలో దూది కూరుకుని ట్రైనింగ్ పూర్తి చేశాను.

ఆ మధ్య ఓపెన్‌కాస్టు గనిలో ఓబీ (బొగ్గు మీది మట్టి, రాళ్లు) తీసే ఒక ప్రైవేటు కాంట్రాక్టు సంస్థకు ఓవర్‌మన్లు కావాలంటే వెళ్లాను. వాళ్లు అడిగిన అర్హతలన్నీ ఉన్నాయి. పని మా ఇంటికి దగ్గర. మిస్‌ఫైర్ అయితే ఏం చేస్తావు, హాల్ రోడ్డు పక్క గట్టు ఎంత ఎత్తుండాలి, బ్లాస్టింగ్ అయ్యాక బెంచిలోకి ముందు ఎవరు పోవాలి అని అడిగారు. అన్నీ చెప్పాను. చివరికి ఆ పెద్దమనిషి నా ఫైలు మూసి, ‘బాగా చెప్పావమ్మా. కానీ నైట్ షిఫ్టుకు ఆడవాళ్లు ముగ్గురుండాలి, నువ్వొక్కదానివే. మిగతా ఇద్దర్ని ఎక్కడ తెచ్చేది?’ అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

1952 గనుల చట్టం 46వ సెక్షన్ ఆడవాళ్లను భూగర్భంలోకి దిగనివ్వలేదు, రాత్రి ఏడు నుంచి పొద్దున ఆరు దాకా ఉపరితలంలోనూ పని చేయనివ్వలేదు. 2019 జనవరిలో కేంద్రం ఆ గేటు తెరిచింది. రాతపూర్వక సమ్మతి ఉండాలి, షిఫ్టులో కనీసం ముగ్గురు మహిళలుండాలి అన్న షరతులు మా రక్షణకు పెట్టినవి. వాటినే చూపించి మమ్మల్ని వెనక్కి పంపుతున్నారు! మొదటి ఆమెను తీసుకోకుండా ముగ్గురెలా అవుతారు? ముగ్గురినీ ఒకేసారి తీసుకోవద్దని ఏ చట్టం చెప్పింది? కనీసం పగటి షిఫ్టయినా ఇవ్వచ్చు కదా, దానికి ఏనాడూ అడ్డు లేదే!

కొత్తగూడెంలో మైనింగ్ చదివిన సంధ్య రాసకట్ల 2021లోనే రాజస్థాన్‌లో హిందుస్థాన్ జింక్ భూగర్భ గనికి మేనేజరైంది. మన పిల్లకు అక్కడ సాధ్యమైంది ఇక్కడ ఎందుకు కాదు?

ఇంకో మాట కూడా చెప్పాలి. మహిళా దినోత్సవం రోజున, డిసెంబరు 23న సింగరేణి దినోత్సవం రోజున హెల్మెట్ పెట్టుకున్న ఆడవాళ్ల ఫొటోలు మీ జిల్లా పేజీ నిండా వేస్తారు. మిగతా రోజుల్లో ఆ పేజీలో నాయకుల పుట్టినరోజు కేకులే. మా ఇంటర్వ్యూల సంగతి ఏ విలేకరీ అడగడు. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి పర్మినెంటు కార్మికులు ఇప్పుడు 40 వేల దగ్గరకొచ్చారు. ఓబీ పని కాంట్రాక్టర్లదైంది. వాళ్లు మూసిన తలుపు గురించి రాయకుండా మేం రావడం లేదని రాయడం అన్యాయం.

వ్యాసకర్త ఆ మాట వెనక్కి తీసుకోవాలి. మీ విలేకరిని రామగుండం ఏరియాలోని ప్రతి ఓబీ కాంట్రాక్టరు దగ్గరికీ పంపండి. ఎందరు మహిళా ఓవర్‌మన్లున్నారో, ఎందరిని కాదన్నారో, ఎందుకు కాదన్నారో రాతపూర్వకంగా అడిగించి, వాళ్లిచ్చిన జవాబు ఇదే పేజీలో వేయండి.

– పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు, గోదావరిఖని